తుపాకీ ఒకరిది, మంత్రం ఇంకొకరిది: ఆర్కమ్ హారర్ కార్డ్ గేమ్‌లో రెండూ కలిపి కొట్టడం ఎలా

ఆర్కమ్ హారర్ కార్డ్ గేమ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రాక్షసుడు మీదికి రాగానే ఒకే మాట అడుగుతారు. "ఇక్కడ తుపాకీ ఉంది, అక్కడ మంత్రం ఉంది. రెండూ కలిపి ఒకే దెబ్బగా కొట్టొచ్చా?" కొట్టకూడదు. ఒక యాక్షన్‌కి, అంటే మీ టర్న్‌లో చేసే మూడు పనుల్లో ఒకదానికి, ఒక కార్డు మీది ఫైట్ (కొట్టే పని) మాత్రమే వాడాలి. తుపాకీ ఇచ్చే బలం తుపాకీ దెబ్బకే, మంత్రం ఇచ్చే బలం మంత్రం దెబ్బకే. మరి రెండూ ఎందుకు పెట్టుకోవాలి అంటే, కలపడం జరిగేది దెబ్బలో కాదు, వరసలో. ఎవరు ముందు ఆడాలి, ఎవరు రాక్షసుడిని మీదేసుకోవాలి, ఆఖరి దెబ్బ ఎవరికి వదలాలి అన్నది ముందే తేల్చుకుంటే మామూలు కార్డులతోనే పెద్ద రాక్షసుడిని పడగొట్టొచ్చు. ఈ వ్యాసమంతా ఆ వరస గురించే.

ఆట గురించి కొంచెం. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2016లో తెచ్చిన సహకార ఆట ఇది. ఒకరి మీద ఒకరు ఆడరు, అందరూ ఒకవైపు, ఆట ఒకవైపు. 1920ల నాటి అమెరికాలో ఆర్కమ్ అనే కల్పిత ఊరు, అక్కడ వింత జీవులు, వాటి వెనకాల పడే ఇన్వెస్టిగేటర్లు, అంటే మనం ఆడే పాత్రలు. 2021లో వచ్చిన రివైజ్డ్ కోర్ సెట్ ఒక్కటి ఉంటే ఒకరి నుంచి నలుగురి దాకా ఆడుకోవచ్చు. ఇక్కడ చెప్పే కార్డులన్నీ దాదాపు ఆ డబ్బాలోవే, ఎక్కడైనా బయటివి వస్తే చెబుతాను. మా ఎంవీపీ కాలనీలో సాయంత్రాలు ఎక్కువగా ఇద్దరమే కూర్చుంటాం కాబట్టి ఉదాహరణలు కూడా ఇద్దరితోనే: తుపాకీ పట్టే రోలండ్ బ్యాంక్స్, మంత్రం వేసే ఆగ్నెస్ బేకర్.

టేబుల్ సిద్ధం చేసుకోవడం

బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉండేవాళ్లకి ఇది చెప్పక తప్పదు. విశాఖ గాలిలో తేమకి కార్డులు వంగుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. ఈ కార్డుల కొలత 63.5 బై 88 మిల్లీమీటర్లు, ఆ సైజు స్లీవ్‌లు తొడగండి. మురీ మిక్చర్ తింటూ ఆడకండి. తింటే చెయ్యి కడుక్కుని కార్డు పట్టుకోండి. నూనె వేలు తగిలిన కార్డు వెనకవైపు నుంచే గుర్తుపట్టేలా తయారవుతుంది, ఇంక ఆ డెక్ కలిపినా కలపనట్టే.

కేయాస్ టోకెన్లు వెయ్యడానికి లోపలివి కనపడని చిన్న గుడ్డ సంచి తీసుకోండి. ప్రతి పరీక్షలో ఈ సంచిలోంచి ఒక టోకెన్ తీసి దాని అంకెని మీ విలువకి కలపాలి, ఎదుటి విలువని అందుకుంటే గెలిచినట్టు. స్టాండర్డ్ స్థాయిలో మొదటి క్యాంపెయిన్‌కి (వరసగా సాగే కథలకి) సంచిలో 16 టోకెన్లు పడతాయి: ప్లస్ 1 ఒకటి, సున్నాలు రెండు, మైనస్ 1లు మూడు, మైనస్ 2లు రెండు, మైనస్ 3 ఒకటి, మైనస్ 4 ఒకటి, పుర్రెలు రెండు, కల్టిస్ట్ ఒకటి, టాబ్లెట్ ఒకటి, ఆటో ఫెయిల్ ఒకటి, ఎల్డర్ సైన్ ఒకటి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టుకోండి. ఇకపై తీసుకునే ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది.

చేతులు వేరు, మంత్రాల చోటు వేరు

ప్రతి ఇన్వెస్టిగేటర్‌కి హ్యాండ్ స్లాట్లు రెండు, ఆర్కేన్ స్లాట్లు రెండు. ఆయుధాలు చేతుల్లోకి వెళ్తాయి, ష్రివెలింగ్ లాంటి మంత్రాలు ఆర్కేన్ స్లాట్‌లోకి వెళ్తాయి. ఒకటి ఇంకొకదానికి అడ్డు రాదు. కాబట్టి ఒకే మనిషి కత్తీ మంత్రమూ రెండూ బయట పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

ఒప్పుకోనిది డెక్. కార్డులు వర్గాలుగా ఉంటాయి: గార్డియన్ కొట్లాటకి, సీకర్ క్లూలు (కథని నడిపే ఆధారాలు) వెతకడానికి, మిస్టిక్ మంత్రాలకి, సర్వైవర్ ఎలాగోలా బతికి బయటపడడానికి. రోలండ్ గార్డియన్ కార్డులు, చిన్న స్థాయి సీకర్ కార్డులు తీసుకోగలడు, మిస్టిక్ మంత్రాలు తీసుకోలేడు. ఆగ్నెస్ మిస్టిక్, చిన్న స్థాయి సర్వైవర్ కార్డులు తీసుకోగలదు, గార్డియన్ తుపాకీలు ముట్టుకోలేదు. ఆమెకి ఆయుధం కావాలంటే సర్వైవర్ల బేస్‌బాల్ బ్యాట్ ఉంది, లేదా ఎవరైనా వాడుకోగల నైఫ్ ఉంది. ఆమె కంబాట్ (కొట్లాట బలం) 2 మాత్రమే, విల్‌పవర్ (మనోబలం) 5. బ్యాట్ ప్లస్ 2 ఇచ్చినా 4 దగ్గర ఆగిపోతుంది, పైగా రెండు చేతులూ తినేస్తుంది. నా మాట వింటే ఆగ్నెస్‌కి ఒక నైఫ్ చాలు. ఎలుకల గుంపు లాంటివి మీద పడినప్పుడు వాటి మీద మంత్రం ఖర్చు చెయ్యకుండా ఉండడానికి అది.

డైసీ వాకర్ అనే సీకర్ కూడా చిన్న స్థాయి మిస్టిక్ కార్డులు తీసుకోగలదు కదా, ష్రివెలింగ్ పెడితే ఎలా ఉంటుందని అడుగుతారు. ఆమె విల్‌పవర్ 3. పెట్టొచ్చు, కానీ ఆమె పని పుస్తకాలు చదివి క్లూలు లాగడం. ఆమెను కొట్లాటలోకి దించితే ఆ పని ఆగిపోతుంది.

మీ సంఖ్య ఎంత ఎక్కువ ఉండాలి

రాక్షసుడి ఫైట్ విలువ కన్నా మీ విలువ ఎంత ఎక్కువ అన్నదే ముఖ్యం. పైన రాసుకున్న 16 టోకెన్ల సంచితో, మీ గదిలో ఒక ఘూల్ (శవాలు తినే రాక్షసుడు) ఉందనుకుంటే, మొదటి కథలో పుర్రె అంటే మైనస్ 1, కల్టిస్ట్ మైనస్ 1, టాబ్లెట్ మైనస్ 2. ఎల్డర్ సైన్ వస్తే దాదాపుగా గెలిచినట్టే లెక్కేస్తున్నాను.

సమానంగా ఉంటే 16లో 4 టోకెన్లే గెలిపిస్తాయి. ఒకటి ఎక్కువ ఉంటే 10. రెండు ఎక్కువ ఉంటే 13. మూడు ఎక్కువ ఉంటే 14, నాలుగు ఎక్కువ ఉంటే 15. ఆటో ఫెయిల్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దానికి మందు లేదు.

ఈ అంకెలు చూస్తే తెలిసిపోతుంది. సున్నా నుంచి ప్లస్ 1కి, అక్కడి నుంచి ప్లస్ 2కి ఎక్కడం వల్ల వచ్చే లాభం చాలా పెద్దది. ప్లస్ 2 దాటాక ఒక్కొక్క మెట్టుకీ ఒక్క టోకెనే తేడా. కాబట్టి ప్లస్ 2 దాకా తెచ్చుకోండి, ఆపైన కార్డులు కుమ్మరించకండి. మిగిలినవి తర్వాతి దెబ్బకి దాచుకోండి.

ఇప్పుడు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి, గందరగోళమంతా ఇక్కడే. తుపాకీతో కొడితే అది కంబాట్ పరీక్ష. ష్రివెలింగ్‌తో కొడితే అది విల్‌పవర్ పరీక్ష. రోలండ్ పక్కన బీట్ కాప్ (తోడుండే పోలీసు కార్డు) ఉంటే కంబాట్ ఒకటి పెరుగుతుంది, కానీ అది రోలండ్‌కే, అదీ తుపాకీకే. ఆగ్నెస్ మెడలో హోలీ రోజరీ ఉంటే విల్‌పవర్ ఒకటి పెరుగుతుంది, అది మంత్రానికే. చేతిలోని కార్డుని పరీక్షకి జత చేస్తే, దాని మీద సరిపోయే గుర్తు ఒక్కొక్కదానికీ 1 కలుస్తుంది. విషియస్ బ్లో కార్డు మీద ఉన్నది కంబాట్ గుర్తు, కాబట్టి దాన్ని ష్రివెలింగ్ దెబ్బకి జత చెయ్యడం కుదరదు. గట్స్ మీద ఉన్నవి విల్‌పవర్ గుర్తులు, అవి తుపాకీకి పనికిరావు. రెండింటికీ పనికొచ్చేది అన్‌ఎక్స్‌పెక్టెడ్ కరేజ్, దాని మీద ఏ పరీక్షకైనా చెల్లే గుర్తులు రెండు ఉంటాయి.

ఒకే చోట ఉన్న మిగతా ఆటగాళ్లు మీ పరీక్షకి తలా ఒక కార్డు జత చెయ్యొచ్చు. ఆడేవాళ్లు మాత్రం ఎన్నైనా జత చేసుకోవచ్చు. టోకెన్ తియ్యకముందే ఈ పని అయిపోవాలి. అందుకే రోలండ్ డెక్‌లో ఒక గట్స్ పెట్టడం నాకు ఇష్టం. రోలండ్ విల్‌పవర్ 3 కాబట్టి కథలో భయపెట్టే కార్డులు వచ్చినప్పుడు సొంతానికి పనికొస్తుంది, ఆగ్నెస్ మంత్రం వేసేటప్పుడు ఆమెకీ ఇవ్వొచ్చు. చెల్లి ఆగ్నెస్‌తో ఆడుతూ, "బావా, నీ దగ్గర విల్‌పవర్ ఏమైనా ఉందా?" అంటే బావ మొహం వేలాడేస్తే బాగుండదు కదా.

మొదటి రెండు రౌండ్లు: రాక్షసుడు రాకముందే

ఆట మొదట్లో ఒక్కొక్కరికి 5 రిసోర్సులు (కార్డులు దించడానికి ఖర్చు పెట్టే డబ్బు), 5 కార్డులు. తర్వాత ప్రతి రౌండ్ చివర ఒక రిసోర్సు, ఒక కార్డు వస్తాయి. ఆగ్నెస్‌కి మొదటి చేతిలో ష్రివెలింగ్, హోలీ రోజరీ రెండూ వస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది: 3, 2. వెంటనే రెండూ దించేయండి. ఆమె సొంత కార్డు హెయిర్‌లూమ్ ఆఫ్ హైపర్‌బోరియా కూడా రోజరీ ఉండే చోటే కూర్చుంటుంది, రెండూ ఒకేసారి ఉండవు. కొట్లాటకే అయితే నేను రోజరీ వైపు మొగ్గుతాను.

రోలండ్‌కి పాయింట్ 45 ఆటోమేటిక్ ఖరీదు 4. అది దించితే ఒక్కటే మిగులుతుంది. బీట్ కాప్ కూడా 4 అడుగుతాడు కాబట్టి మధ్యలో రిసోర్సులిచ్చే ఎమర్జెన్సీ క్యాష్ దొరికితే తప్ప కొన్ని రౌండ్లు ఆగాలి.

ఎందుకు ఇంత ముందే తొందర? రాక్షసుడు మీకు అంటుకుని (ఎంగేజ్ అయి) ఉండగా కార్డు దించితే అది ఊరుకోదు, అవకాశం దొరికింది కదా అని ఒక దెబ్బ వేస్తుంది. ఫైట్, ఇవేడ్ (తప్పించుకోవడం), పార్లీ (మాట్లాడి ఒప్పించడం), రిజైన్ (ఆట నుంచి తప్పుకోవడం) తప్ప మిగతా ఏ యాక్షన్ చేసినా అంతే. కదిలినా, డబ్బు తీసుకున్నా, తుపాకీ బయటకి తీసినా దెబ్బ తప్పదు. ఫాస్ట్ అని ఉన్న కార్డులకి ఈ బాధ లేదు. ఫైట్ లేదా ఇవేడ్ అని బోల్డ్‌లో మొదలయ్యే ఈవెంట్లకి (ఒకసారి వాడి తీసేసే కార్డులకి) కూడా లేదు, వాటిని నిర్భయంగా వాడుకోండి.

ఏ దెబ్బ దేనికి

పాయింట్ 45లో తూటాలు 4. ష్రివెలింగ్‌లో చార్జ్‌లు 4. గురి తప్పినా తూటా పోయినట్టే, మంత్రం విఫలమైనా చార్జ్ పోయినట్టే. ఇద్దరి దగ్గరా కలిపి 8 గట్టి దెబ్బలు, ఒక్కొక్కటీ 2 డ్యామేజ్. ఇవి ఎక్కడ ఖర్చు పెట్టాలో పొదుపుగా చూసుకోండి.

ఎలుకల గుంపు ప్రాణం 1, ఫైట్ 1. దీని మీద మంత్రం వెయ్యడం దండగ. నైఫ్ చాలు, ఉత్తి పిడికిలైనా చాలు. ఘూల్ మినియన్ ప్రాణం 2, ఫైట్ 2. రోలండ్ చేతిలో మషెటీ ఉంటే ఒక్క వేటు. మషెటీకి తూటాల గొడవ లేదు, ఖరీదు 3, ఒక చేతిలో ఇమిడిపోతుంది, పాయింట్ 45 రెండో చేతిలో పెట్టుకోవచ్చు. రావెనస్ ఘూల్ ప్రాణం 3, అక్కడ తూటాకి విషియస్ బ్లో జత చేస్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఫ్లెష్ ఈటర్ ప్రాణం 4, ఒక మంత్రం ఒక తూటా సరిపోతాయి.

అలాంటిచోట ముందు మంత్రం వెయ్యండి, తర్వాత తూటా. కారణం రోలండ్ సామర్థ్యం: అతను రాక్షసుడిని చంపితే ఉన్నచోట ఒక క్లూ దొరుకుతుంది, రౌండ్‌కి ఒకసారి. ఆఖరి దెబ్బ అతనికి వదిలితే ఒక యాక్షన్ మిగిలినట్టే. అయితే అతని సొంత తుపాకీ పాయింట్ 38 స్పెషల్ వాడుతుంటే ఇంకో తిరకాసు ఉంది. ఉన్నచోట క్లూ ఉంటే ఆ తుపాకీ ప్లస్ 3 ఇస్తుంది, లేకపోతే ప్లస్ 1. ఆఖరి క్లూ కూడా తీసేసుకుంటే తర్వాతి రాక్షసుడి దగ్గర తుపాకీ బలం తగ్గిపోతుంది. అందుకని పెద్దది రాబోతోందని తెలిస్తే ఆ గదిలో ఒక క్లూ వదిలేసి ఉంచడం తెలివైన పని.

అంటుకున్న రాక్షసుడు, గురి తప్పిన తూటా

ఇద్దరు కలిసి కొట్టేటప్పుడు టేబుల్ దగ్గర గొడవలు ఎక్కువగా ఈ నిబంధన వల్లే. రాక్షసుడు పక్క ఆటగాడికి అంటుకుని ఉండగా మీరు కొట్టి గురి తప్పితే, ఆ దెబ్బ డ్యామేజ్ మొత్తం పక్క ఆటగాడికి తగులుతుంది. ష్రివెలింగ్ వేసి తప్పితే రోలండ్‌కి 2. పాయింట్ 45 తప్పితే ఆగ్నెస్‌కి 2, ఆమె ప్రాణం 6 మాత్రమే. "ఒరే, అది నా మీద ఉంది, నువ్వు కాల్చకు" అని అరిస్తే అది భయం కాదు, లెక్క.

దీనికి దారులు మూడు. ఒకటి, ఎవరికి అంటుకుని ఉందో వాళ్లే కొట్టడం. రెండు, ఒక యాక్షన్ పెట్టి ఎంగేజ్ చేసి రాక్షసుడిని మీ మీదికి లాక్కోవడం. పక్కవాడికి అంటుకున్నదాన్ని కూడా అదే చోట ఉంటే లాక్కోవచ్చు. మూడోది అన్నిటికన్నా మంచిది: ఎవరికీ అంటుకోకుండా చెయ్యడం. అది మంత్రం పని.

బ్లైండింగ్ లైట్ అనే మిస్టిక్ ఈవెంట్ ఖరీదు 2. విల్‌పవర్‌తో ఇవేడ్ చెయ్యొచ్చు, గెలిస్తే రాక్షసుడు పక్కకి వాలిపోవడమే కాక దానికి 1 డ్యామేజ్ కూడా. వాలిన రాక్షసుడు ఎవరికీ అంటుకుని ఉండదు, ఆ రౌండ్ ఎనిమీ ఫేజ్‌లో (రాక్షసులు కొట్టే దశలో) కొట్టదు, రౌండ్ చివర అప్‌కీప్ అనే దశలో కానీ లేవదు. ఈలోగా దాన్ని కొట్టడానికి అడ్డేమీ లేదు. గురి తప్పినా ఎవరికీ తగలదు. ఎవరికీ అంటుకోలేదు కాబట్టి రోలండ్ తీరిగ్గా కొత్త ఆయుధం దించుకున్నా అవకాశపు దెబ్బ పడదు. మన ఆర్కే బీచ్‌లో వాలీబాల్ ఆడేవాళ్లలో ఒకరు బంతి లేపి ఇస్తే ఇంకొకరు స్మాష్ కొట్టినట్టు, ఇక్కడ మంత్రం లేపుతుంది, తుపాకీ కొడుతుంది.

ఒక్క మెలిక. ఇవేడ్ చెయ్యాలంటే రాక్షసుడు మీకే అంటుకుని ఉండాలి. రోలండ్ మీద ఉన్నదాన్ని ఆగ్నెస్ దూరం నుంచి ఇవేడ్ చెయ్యలేదు. ముందు ఎంగేజ్ చెయ్యాలి, తర్వాత బ్లైండింగ్ లైట్. ఇంకో మెలిక, ఈ ఈవెంట్ వేసినప్పుడు పుర్రె, కల్టిస్ట్ లాంటి గుర్తు టోకెన్ వస్తే ఒక యాక్షన్ పోతుంది.

రోలండ్ చేతిలో ఏముందో కూడా చూసుకోవాలి. మషెటీకి అదనపు డ్యామేజ్ రావాలంటే కొట్టే రాక్షసుడు రోలండ్‌కి అంటుకుని ఉండాలి, పైగా అదొక్కటే అంటుకుని ఉండాలి. బ్లైండింగ్ లైట్‌తో విడగొట్టేస్తే మషెటీ ఒట్టి 1 డ్యామేజ్ కత్తి అయిపోతుంది. పాయింట్ 45కి ఈ షరతు లేదు. అంటే తుపాకీ ఉంటే మంత్రంతో విడగొట్టండి, మషెటీ ఉంటే రోలండ్ మీదే ఉండనివ్వండి. కార్డు చదవకుండా "కత్తే కదా" అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

ఆగ్నెస్ భయపడితే రాక్షసుడికి దెబ్బ

ఆగ్నెస్ మీద హారర్ (మనసుకి తగిలే దెబ్బ) పడినప్పుడల్లా ఆమె ఉన్నచోట ఒక రాక్షసుడికి 1 డ్యామేజ్ కొట్టొచ్చు, ఒక ఫేజ్‌కి ఒకసారి. దీనికి పరీక్ష లేదు, టోకెన్ లేదు, తప్పడం లేదు. కొట్లాటలో ఇంత నమ్మకమైన దెబ్బ ఈ డబ్బాలో అరుదు.

ష్రివెలింగ్ వేసినప్పుడు పుర్రె, కల్టిస్ట్, టాబ్లెట్, ఎల్డర్ థింగ్, ఆటో ఫెయిల్‌లలో ఏది వచ్చినా 1 హారర్. మన సంచిలో అలాంటివి 16లో 5. మామూలు మిస్టిక్‌కి ఇది శిక్ష, ఆగ్నెస్‌కి సగం వరం. మంత్రం తప్పినా ఆ 1 డ్యామేజ్ తగులుతుంది. మిథోస్ ఫేజ్‌లో (ఆట మన మీదికి చెడ్డ కార్డులు వదిలే దశలో) వార్డ్ ఆఫ్ ప్రొటెక్షన్ వేసి ఒక చెడ్డ కార్డుని రద్దు చేస్తే 1 హారర్ వస్తుంది, అక్కడా ఒక దెబ్బ. ఎనిమీ ఫేజ్‌లో రాక్షసుడు కొట్టి హారర్ పడితే ఇంకో దెబ్బ. ఫేజ్ మారిందంటే హద్దు మళ్లీ కొత్తగా మొదలు.

ఇక్కడ చాలామంది గమనించనిది: హోలీ రోజరీ కూడా 2 హారర్ దాకా మోయగలదు. హారర్‌ని రోజరీ మీదికి పంపితే అది ఆగ్నెస్ మీద పడినట్టు కాదు, దెబ్బ రాదు. కొట్టాలనుకున్నప్పుడు ఆమె మీదే వేసుకోండి, కొట్టడానికి ఎవరూ లేనప్పుడు రోజరీ మీదికి పంపండి. ఆమె శానిటీ (హారర్ తట్టుకునే బలం) 8, కాబట్టి చూసుకుంటూ వాడాలి. ఫియర్‌లెస్ అనే స్కిల్ కార్డు ఉంది, విల్‌పవర్ పరీక్షకి జత చేసి గెలిస్తే 1 హారర్ తగ్గుతుంది. ష్రివెలింగ్‌కి జోడీ అదే.

బీట్ కాప్‌ది కూడా ఇలాంటి దెబ్బే. అతన్ని వదులుకుంటే ఉన్నచోట ఏ రాక్షసుడికైనా 1 డ్యామేజ్, యాక్షన్ అక్కర్లేదు. రాక్షసుడి ప్రాణం బేసి సంఖ్యలో మిగిలినప్పుడు తూటా వృథా చెయ్యకుండా వీటితో ముగించండి.

పెద్ద రాక్షసుడి మీద ఒక రౌండ్

మొదటి కథ ఇంకా ఆడనివాళ్లు ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లండి, కథ తెలిసిపోతుంది.

ఘూల్ ప్రీస్ట్ ఫైట్ 4, ఇవేడ్ 4, ప్రాణం ఒక్కొక్క ఆటగాడికి 5 చొప్పున ఇద్దరికి 10. కొడితే 2 డ్యామేజ్, 2 హారర్. ఎక్కువ కంబాట్ ఉన్నవాళ్ల మీద పడుతుంది, అంటే రోలండ్ మీద. రిటాలియేట్ ఉంది: అది లేచి ఉన్నప్పుడు మీరు కొట్టి తప్పితే వెంటనే తిరిగి కొడుతుంది. ఆగ్నెస్ లేచి ఉన్న ప్రీస్ట్ మీద, అదీ రోలండ్‌కి అంటుకుని ఉండగా, ష్రివెలింగ్ వేసి తప్పిందనుకోండి. మంత్రం డ్యామేజ్ రోలండ్‌కి, తిరుగుదెబ్బ ఆగ్నెస్‌కి. ఒకే తప్పుకి ఇద్దరూ తింటారు.

ఇప్పుడు వరస పెట్టి ఆడండి. బయట ఉన్నవి: ఆగ్నెస్‌కి ష్రివెలింగ్, రోజరీ, చేతిలో బ్లైండింగ్ లైట్, 2 రిసోర్సులు. రోలండ్‌కి పాయింట్ 45, బీట్ కాప్, చేతిలో విషియస్ బ్లో. ఆమె విల్‌పవర్ 6, అతని కంబాట్ తుపాకీతో 6. ప్రీస్ట్ 4 కాబట్టి ఇద్దరికీ ప్లస్ 2.

ఆగ్నెస్ ముందు ఆడుతుంది. ఈ ఆటలో ఎవరు ముందన్నది ప్రతి రౌండ్ మీరే తేల్చుకోవచ్చు, కానీ ఒకరి టర్న్ మొత్తం అయ్యాకే ఇంకొకరిది, మధ్యలో మార్చుకోవడం కుదరదు. మొదటి యాక్షన్: ఎంగేజ్. ప్రీస్ట్ రోలండ్‌ని వదిలి ఆమె మీదికి వస్తుంది. రెండో యాక్షన్: బ్లైండింగ్ లైట్. గెలిస్తే ప్రీస్ట్ వాలిపోతుంది, 1 డ్యామేజ్. తప్పినా రిటాలియేట్ పనిచెయ్యదు, అది ఫైట్‌కే. మూడో యాక్షన్: ష్రివెలింగ్, 2 డ్యామేజ్. ప్రీస్ట్ వాలి ఉంది కాబట్టి తప్పినా తిరుగుదెబ్బ లేదు, రోలండ్‌కి తగలదు. మొత్తం 3.

రోలండ్ టర్న్. మూడు తూటాలు, ఒక్కొక్కటీ 2, ఒకదానికి విషియస్ బ్లో జత చేస్తే ఇంకో 1. మొత్తం 7. పది పూర్తయింది.

కాగితం మీద అందంగా ఉంది, కానీ ఐదు పరీక్షలూ వరసగా గెలవాలి. ఒక్కొక్కటీ 16లో 13 అయితే ఐదూ గెలిచే అవకాశం మూడింట ఒక వంతుకి కాస్త ఎక్కువ, గుర్తు టోకెన్ వచ్చి యాక్షన్ పోయేది కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. అందుకే బీట్ కాప్ దెబ్బ, ఆగ్నెస్ హారర్ దెబ్బ ఈ లెక్కలో కలపకుండా పక్కన ఉంచాను. ఒక తూటా తప్పితే ఆ రెండూ కలిసి సరిగ్గా ఆ 2 డ్యామేజ్‌ని పూడుస్తాయి. బీట్ కాప్‌ని మాత్రం తూటాలన్నీ అయ్యాకే వదులుకోండి, ముందే వదిలితే కంబాట్ 5కి పడిపోతుంది. రెండు తప్పితే ఆ రౌండ్‌లో చావదు, కానీ వాలి ఉంది కాబట్టి ఎనిమీ ఫేజ్‌లో కొట్టదు. తర్వాతి రౌండ్‌లో మిగిలింది పూర్తి చెయ్యొచ్చు. రోలండ్ చేతిలో డాడ్జ్ ఉంటే అది అప్పటికి దాచండి, ఉన్నచోట ఎవరి మీదకి వచ్చిన దాడినైనా ఒకసారి రద్దు చేస్తుంది.

ప్రీస్ట్ వచ్చే సమయానికే పార్లర్ అనే గదిలో లీటా చాంట్లర్ అనే పాత్ర కనిపిస్తుంది. ఆమెను ఇంటెలెక్ట్ (తెలివి) పరీక్షతో మాట్లాడి మీవైపు తిప్పుకుంటే ఉన్నచోట అందరికీ కంబాట్ 1 పెరుగుతుంది, మాన్‌స్టర్ మీద గెలిచిన ప్రతి దాడికీ 1 డ్యామేజ్ ఎక్కువ. కంబాట్ పెరగడం మంత్రానికి పనికిరాదు, డ్యామేజ్ పెరగడం మాత్రం మంత్రానికీ వర్తిస్తుంది. ఆయుధానికీ మంత్రానికీ కలిపి ఉపయోగపడే మనిషి ఆమె ఒక్కతే. కాకపోతే ఆమె అల్లీ స్లాట్ (తోడు మనిషికి ఉండే ఒకే చోటు) తీసుకుంటుంది. రోలండ్ తీసుకుంటే బీట్ కాప్ పోతాడు, కాబట్టి వీలైతే ఆగ్నెస్ దగ్గర పెట్టండి. ఆగ్నెస్ ఇంటెలెక్ట్ 2, ఆ మాటలు మాట్లాడి ఒప్పించడం ఆమెకి కష్టమే. రోలండ్ 3. ఎవరు ప్రయత్నించినా కార్డులు జత చెయ్యకుండా వెళ్లకండి.

డైనమైట్ గురించి

డైనమైట్ బ్లాస్ట్ ఖరీదు 5. ఎంచుకున్న చోట ఉన్న ప్రతి రాక్షసుడికీ, ప్రతి ఇన్వెస్టిగేటర్‌కీ 3 డ్యామేజ్. పక్క గదిలోకి వెయ్యొచ్చు. అక్కడ ఆగ్నెస్ ఉందేమో చూసి వెయ్యండి. ఇంతకన్నా దీని గురించి చెప్పేదేం లేదు.

తర్వాత ఏం కొనాలి

కోర్ సెట్ అయ్యాక ఇతర సెట్లలో నిజంగానే రెండూ ఒకే కార్డులో ఉన్నవి దొరుకుతాయి. ఎన్‌చాంటెడ్ బ్లేడ్ ఒక హ్యాండ్ స్లాట్, ఒక ఆర్కేన్ స్లాట్ రెండూ తీసుకుంటుంది, కంబాట్‌తో కొడుతుంది, చార్జ్ ఖర్చు పెడితే ఇంకాస్త బలం. కంబాట్ బొత్తిగా లేని ఆగ్నెస్ లాంటివాళ్లకి ఇది అంత కలిసిరాదు. స్పెక్ట్రల్ రేజర్ అనే ఈవెంట్ మీ కంబాట్‌కి విల్‌పవర్‌ని కూడా కలుపుతుంది, ఆగ్నెస్‌కి అంటే 2కి 5 కలిసి 7. ఒక్కసారే వాడుకోగల దెబ్బ, కానీ దాదాపుగా తప్పదు. ఒకటే కొనాలంటే రెండోది ఉన్న సెట్ చూడండి.

అప్పటిదాకా కోర్ సెట్‌లోనే ఒక మార్పు చేసి చూడండి. రోలండ్ క్యాంపెయిన్‌లో సంపాదించిన అనుభవంతో ఎక్స్‌ట్రా అమ్యూనిషన్ కొంటే పాయింట్ 45లోకి ఇంకో 3 తూటాలు ఎక్కుతాయి. మంత్రం చార్జ్‌లు అయిపోతే ఇంకో ష్రివెలింగ్ దించాలి, ఆగ్నెస్‌కి రెండో ఆర్కేన్ స్లాట్ ఉంది కాబట్టి పాతది తీసెయ్యకుండానే కొత్తది పక్కన పెట్టుకోవచ్చు. క్లూలు లాగే మంత్రం రైట్ ఆఫ్ సీకింగ్ అక్కడ కూర్చుని ఉంటే మాత్రం ఇద్దరూ కూర్చుని ఏది ఉంచాలో మాట్లాడుకోండి. క్లూలు ఇంకా చాలా మిగిలి ఉంటే సీకింగ్ ఉంచండి, రాక్షసుడు పక్క గదిలో ఉంటే ష్రివెలింగ్ దించండి.